చుక్క ఎక్కడికి పోయింది?

హైదరాబాద్ నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టొద్దన్నారు. ముఖ్యమైన సంగతులు వదలకుండా కుదించి ఇస్తున్నాను.

ఆవిడకు ముప్పై రెండేళ్లు. ఆలుమగలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు. ఒక్కడే కొడుకు, నాలుగేళ్ల ఎనిమిది నెలలవాడు. వాడికి ఏడాదిన్నర ఉన్నప్పటి నుంచి రోజూ రాత్రి పక్కలో వేసుకొని బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నారు. అన్నిటిలోకీ వాడికి ప్రాణమైంది ఒక మేకపిల్ల, ఒక కాకి, ఒక తాబేలు జట్టుగా తిరిగే పుస్తకం. చివరి పేజీలో మూడూ చెట్టు కింద ఒకదాన్నొకటి ఆనుకొని నిద్రపోతుంటాయి. అట్ట ఊడిపోతే టేపు వేసి అతికించి మరీ చదివారట.

మొన్న ఎండాకాలం సెలవులకు జనగామ వైపు అత్తగారి ఊరికి వెళ్లి మూడు వారాలు ఉన్నారు. ఎల్లమ్మకు మొక్కు ఉందని మామగారు ఉగాదికి ముందే ఒక మేకపోతును కొని, వాకిట్లో వేపచెట్టుకు కట్టేసి మేపుతున్నారు. దాని నుదుట తెల్లని మచ్చ. పిల్లాడు చుక్క అని పేరు పెట్టాడు. పొద్దున లేస్తూనే పుస్తకం తీసుకెళ్లి దాని ముందు గొంతుక్కూర్చొని, చదవడం రాకపోయినా బొమ్మలు చూపిస్తూ కథంతా చెప్పేవాడు. ఒకరోజు వాడు చెప్తుండగా అది మెడ చాచి పేజీ మూల కొరికి నమిలేసింది. వాడు ఏడవలేదు సరికదా, ‘చుక్కకు గూడ కథ నచ్చింది’ అని ఇల్లంతా చెప్పుకొచ్చాడు.

పండుగనాడు వాణ్ని మేనత్తతో పక్క ఊరికి పంపారు. సాయంత్రం వచ్చేసరికి వేపచెట్టుకు తాడు ఒక్కటే ఉంది. ‘చుక్క యాడికి పోయింది?’ అంటే, ఈ తల్లి ‘అడవిలో దాని ఫ్రెండ్స్ దగ్గరికి పోయింది నాన్నా’ అన్నారు. ఆ రాత్రి అందరితో పాటు వాడికీ కూర వేసి అన్నం కలిపి పెట్టారు. ‘రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఆ ముద్దలు పెట్టిన చెయ్యి చూసుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు’ అని రాశారు.

సిటీకి వచ్చాక వాడు రోజూ చివరి పేజీ మీద వేలు పెట్టి ‘చుక్క గూడ గిట్లనే పండుకున్నదా?’ అని అడిగేవాడు. ఈవిడ అవునని చెప్తూ వచ్చారు. నెల రోజుల కిందట వీడియో కాల్‌లో బావగారి అబ్బాయి, ఎనిమిదేళ్లవాడు, ‘చుక్కను కోసిండ్రురా, నువ్వు గూడ తిన్నవ్’ అనేశాడు. ఈవిడ ఫోన్ లాక్కొని, అన్న ఊరికే అన్నాడని సర్దిచెప్పారు. అప్పటి నుంచి పిల్లాడు మాంసం ముట్టడం లేదు, గుడ్డు కూడా. ఆ పుస్తకాన్ని మంచం కింద గోడవైపుకు నెట్టేశాడు. వేరే పుస్తకం తీసినా వద్దంటున్నాడు. రాత్రి రెండు గంటలకు లేచి, ‘నన్ను గూడ ఫ్రెండ్స్ దగ్గరికి పంపిస్తరా?’ అని అడుగుతున్నాడు.

అత్తగారేమో ‘గా బొమ్మల బుక్కులు జూపిచ్చి పోరన్ని పిరికోన్ని జేసినవ్, మా కాలంల గివన్ని ఉండెనా’ అంటున్నారు. భర్త, జంతువుల కథల వల్ల పిల్లలకు ఒరిగేదేం లేదని పరిశోధనలే తేల్చాయని ఫోన్‌లో ఒక వార్త చూపించి, ఆ పుస్తకాలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టేయమన్నారు. మేక మాట ఎత్తితే మాత్రం లేచి బాల్కనీలోకి వెళ్లిపోతారట. శ్రావణంలో ఊళ్లో పోచమ్మ బోనాలు, తప్పకుండా రావాలని కబురు వచ్చింది.

ఆవిడ అడిగినవి మూడు. పుస్తకాలు మానేయాలా? నిజం చెప్పాలా, ఇంతదాకా వచ్చాక చెప్తే వాడు నన్ను మళ్లీ నమ్ముతాడా? బోనాలకు వాణ్ని తీసుకెళ్లాలా?

అమ్మా, మీరు అడగని నాలుగోదాని దగ్గర మొదలుపెట్టనివ్వండి. రాత్రి రెండు గంటలకు మీ వాడు అడుగుతున్న ప్రశ్న ఉంది చూశారూ, మిగతా మూడింటికంటే ముందు దానికి జవాబు కావాలి. పుస్తకాల సంగతి వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

మన భాషలో ‘పోయింది’ అనే మాట రెండు పనులు చేస్తుంది. సంతకు పోయినా పోయిందే, ప్రాణం పోయినా పోయిందే. పెద్దవాళ్లం ఎదుటి మనిషి గొంతును బట్టి తేడా పట్టేస్తాం. నాలుగున్నరేళ్లవాడికి ఆ మాటకు ఇంకా ఒక్కటే అర్థం: పోయినవాళ్లు తిరిగొస్తారు. చావంటే మళ్లీ రాకపోవడమనీ, ఒళ్లు పనిచేయడం పూర్తిగా ఆగిపోవడమనీ, అది ప్రాణమున్న అన్నిటికీ ఉందనీ పిల్లలకు మెల్లమెల్లగా తెలుస్తుంది. ఎక్కువమందికి అయిదు, ఏడేళ్ల మధ్య అది కుదురుకుంటుంది. మీవాడు ఆ గడప మీద నిలబడి ఉన్నాడు. సరిగ్గా అప్పుడు వాడి చేతికి రెండు ముక్కలు అందాయి. చుక్క ఫ్రెండ్స్ దగ్గరికి పోయిందని మీరన్నారు. చుక్కను కోశారని అన్న అన్నాడు. రెండూ వాడు నమ్మే మనుషులు చెప్పినవే. పాపం, పసివాడు రెండింటినీ కలిపి లెక్క కట్టుకున్నాడు: ఫ్రెండ్స్ దగ్గరికి పంపడమంటే ఇదన్నమాట. వాడి తర్కంలో తప్పేమీ లేదు. మనం ఇచ్చిన మాటలతోనే వాడు అక్కడికి చేరాడు.

అందుకే ఇవాళ రాత్రి లేచి అడిగితే, చుక్క సంగతంతా అప్పటికప్పుడు విప్పక్కర్లేదు. దీపం వేసి, దగ్గరికి తీసుకొని, ‘నిన్ను ఎవ్వరూ యాడికీ పంపరు. నువ్వు మా దగ్గర్నే ఉంటవ్. మనుషుల్ని ఎవరూ గట్ల చెయ్యరు. రేపు పొద్దున చుక్క గురించి నీకు ఒక మాట చెప్తా’ అనండి. ఆ చివరి మాట మరిచిపోకండి, పొద్దున తప్పకుండా చెప్పండి.

ఇక పొద్దున చెప్పాల్సిన దాని గురించి. మీ ముందు దారులు మూడున్నాయి.

మొదటిది, ఇలాగే వదిలేయడం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, కాలమే మాన్పుతుందంటారు. ఏడుపు ఆగుతుంది కూడా. అయితే వాడు అడగడం మానేసినంత మాత్రాన మరిచిపోయినట్టు కాదు. ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. నాకు ఆరేళ్లప్పుడు తెనాలి దగ్గర మా అమ్మమ్మగారింట్లో నా వెనకాలే తిరిగే ఒక ఎర్ర పుంజు ఉండేది. సంక్రాంతి తర్వాత కనిపించలేదు. పెరట్లో బూడిదగుంట దగ్గర దాని ఈకలు చూశాను. ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మా అమ్మను ఆ మాట అడిగేసరికి నాకు నలభై ఏళ్లు దాటాయి. పుంజు పోయినందుకు కలిగిన బాధ ఎప్పుడో ఆరిపోయింది. ఇంట్లో అందరికీ తెలిసి నా ఒక్కదానికే తెలియదన్నది మాత్రం ఇన్నేళ్లూ గుచ్చుతూనే ఉంది.

రెండోది, కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెప్పేయడం. మీ మనసు తేలికపడుతుంది. కానీ వాడు అడగని వివరాలన్నీ, ఎవరు పట్టుకున్నారు, ఎక్కడ, ఎలా అన్నవన్నీ ఒక్కసారిగా వాడి మీద పడతాయి. అది వాడికోసం చెప్పినట్టుండదు, మీ బరువు దించుకున్నట్టుంటుంది.

మూడోది, ముందు మీ అబద్ధాన్ని మీరే వెనక్కి తీసుకొని, తర్వాత వాడు అడిగిన మేరకే జవాబు చెప్పడం. నా మొగ్గు దీనివైపే. సెలవురోజు పొద్దున, కడుపునిండా తిన్నాక, ఎక్కడికీ వెళ్లే తొందర లేనప్పుడు చెప్పండి. మీ ఇంటి మాటలోనే, పొట్టిగా: ‘నాన్నా, చుక్క అడవికి పోలే. నీకు నేను అబద్ధం చెప్పిన. చుక్క చచ్చిపోయింది. ఎల్లమ్మ పండుగకు దాన్ని కోసిండ్రు. అన్న చెప్పింది నిజమే. నువ్వు ఏడుస్తవని నేను దాచిపెట్టిన. దాచుడు నా తప్పు.’ అంతే. తర్వాత మీరు ఊరుకోండి. వాడు ఏడవచ్చు, కొట్టవచ్చు, ఏమీ పట్టనట్టు వెళ్లి కారు బొమ్మతో ఆడుకోవచ్చు. ఆడుకున్నాడంటే వినలేదని అనుకోకండి. ఆ వయసు పిల్లలు దుఃఖాన్ని గుక్కలు గుక్కలుగా తాగుతారు, మధ్యలో ఆటకు పోతారు, మళ్లీ వస్తారు.

మళ్లీ వచ్చినప్పుడు అడుగుతాడు. ‘చచ్చిపోవుడంటే?’ అంటే, ఇంక లేవదు, తినదు, దానికి చలీ నొప్పీ ఏమీ తెలియవు, మళ్లీ రాదు అని చెప్పండి. నిద్రపోయింది అన్న మాట మాత్రం వద్దు. ఆ మాట విన్న పిల్లలకు తాము నిద్రపోవడమంటేనే భయం పట్టుకుంటుంది. మీవాడికైతే రోజూ చివరి పేజీ చూపించి చుక్క అలాగే పడుకుందని చెప్పారు కాబట్టి, దాన్ని పేరుపెట్టి మరీ సరిదిద్దాలి: ‘బుక్కుల మేకపిల్ల నిద్రపోతున్నది. చుక్కది నిద్ర కాదు.’ ‘ఎందుకు కోసిండ్రు?’ అంటే, తాతవాళ్లు దేవతకు మొక్కారని, ఊళ్లో అందరూ కలిసి తిన్నారని, చాలామంది మాంసం తింటారు, కొందరు తినరని, ఉన్నదున్నట్టు చెప్పండి. ‘నొప్పైందా?’ అని అడిగితే నేనైతే ‘కొంచెంసేపు అయి ఉంటది. ఇప్పుడు లేదు’ అంటాను. కాలేదంటే ఇంకో అబద్ధం అవుతుంది, దాన్ని కూడా అన్న ఏదో ఒకరోజు బయటపెడతాడు.

‘నేను గూడ తిన్ననా?’ అంటాడు. మీరు ఉత్తరమంతా ఈ ప్రశ్నకు భయపడుతూ రాశారని నాకు అర్థమైంది. తలకాయ తిప్పుకోకుండా, వాడి కళ్లలోకి చూసి చెప్పండి: ‘తిన్నవ్ నాన్నా. నీకు తెల్వదు. తెల్వకుండ పెట్టింది నేను. నీ తప్పు ఇంతసుక గూడ లేదు.’ వాడు మోస్తున్న బరువు ఇదే. స్నేహితుణ్ని తిన్నానన్న మాట ఎనిమిదేళ్ల అన్న నోట విని, అమ్మ కాదన్నా నమ్మలేక, నెలరోజులుగా ఒక్కడే మోస్తున్నాడు. దాన్ని వాడి నెత్తి మీద నుంచి దించగలిగింది మీరొక్కరే, ఆ ముద్ద పెట్టింది మీరే కనుక. నమ్ముతాడా అని అడిగారు. కొన్నాళ్లు మిమ్మల్ని పరీక్షిస్తాడు. ప్రతి కూరనూ వేలితో పొడిచి ‘ఇదేంది?’ అంటాడు. ప్రతిసారీ నిజం చెప్తే ఆ పరీక్ష తనంతట తానే ఆగుతుంది.

ఆ పెద్దబ్బాయిని ఎవరైనా తిట్టి ఉంటే, ఫోన్ చేసి పలకరించండి. ఇంటిల్లిపాదిలో నిజం చెప్పింది వాడొక్కడే. ఎనిమిదేళ్లవాడికి అంత మోటుగా కాక మరెలా వస్తుంది? చుక్క వాడి వాకిట్లోనే పెరిగింది, వాడికి మాత్రం ఏమీ అనిపించలేదని మనం ఎలా అనుకుంటాం?

తిండి సంగతి క్లుప్తంగా చెప్తాను. బలవంతం చేయకండి, పప్పులో కైమా కలిపి మాయచేయకండి. ఆ మాయ ఒక్కసారి బయటపడితే ఇప్పుడు మీరు చెప్పబోయే నిజానికి విలువ ఉండదు. పాలు, పెరుగు, పప్పు, పల్లీలు, ఆకుకూరలు పెట్టండి. గుడ్డు కూడా మానేశాడు కాబట్టి ఐరన్, బీ12 గురించి మీ పిల్లల డాక్టర్‌ను ఒకమాట అడగండి. కొన్ని నెలలకు వాడే మళ్లీ తినవచ్చు, జన్మలో తినకపోవచ్చు. రెండింటికీ ఇంట్లో చోటు ఉండాలి.

ఇప్పుడు పుస్తకాల మీద వచ్చిన నేరారోపణకు వద్దాం. ఇక్కడ నేను తటస్థంగా ఉండలేను. ఇరవై ఏళ్లకు పైగా వారానికి మూడు రోజులు చిన్నపిల్లల మధ్య నేల మీద కూర్చొని ఈ పుస్తకాలు చదువుతున్నదాన్ని.

అత్తగారు తమ కాలంలో ఇవి లేవన్నారు. రంగుల అట్టలు లేవు, నిజమే. కథలు మాత్రం ఉన్నాయి. పంచతంత్రంలో మిత్రలాభం జంతువుల స్నేహం కథే. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చువేయించినప్పుడు మిత్రలాభంతోనే మొదలుపెట్టాడు. వలలో చిక్కిన పావురాల తాళ్లు ఎలుక కొరికి విడిపించడం చూసి, లఘుపతనకమనే కాకి ముచ్చటపడి స్నేహం చేద్దామని ఎలుక కన్నం దగ్గరికి వస్తుంది. హిరణ్యకుడనే ఆ ఎలుక ఏమంటుందో గుర్తుందా? నేను నీకు తిండిని, నువ్వు నన్ను తినేదానివి, మన మధ్య స్నేహమేమిటి అంటుంది. కన్నంలో నుంచి బయటికి రాదు. కాకి ఎంతో బతిమాలాకే వస్తుంది. అంటే మన పాత కథలో జంతువుల స్నేహం మొదలయ్యేదే మీవాడి ప్రశ్నతో. తినడం అనే సంగతిని ఆ కథ చాప కిందకు నెట్టదు, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడిస్తుంది. తర్వాత తాబేలు, జింక వచ్చి కలుస్తాయి, వేటగాడి బారి నుంచి ఒకరినొకరు కాపాడుకుంటారు. వేటగాడు మాత్రం కథలో నుంచి పోడు, చివరిదాకా అడవిలోనే ఉంటాడు.

ఆవు–పులి కథ మీ అత్తగారికి తెలియకుండా ఉండదు. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో పద్యాలుగా చెప్పిన కథ, చదువు రాని అవ్వలు కూడా మనవళ్లకు చెప్పిన కథ. బిడ్డకు పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చిన ఆవు, లేగదూడకు బుద్ధులు చెప్పి తిరిగి వస్తుంది. ఆ అప్పగింతల దగ్గర ఏడవని పిల్లను నేనింతవరకు చూడలేదు. ఏడ్చినవాళ్లెవరూ పిరికివాళ్లు కాలేదు. మీ అత్తగారూ చిన్నప్పుడు ఏడ్చే ఉంటారు. అడిగి చూడండి. వాదనకు అడగొద్దు, నిజంగా తెలుసుకోవాలని అడగండి.

నేను చదివే చోట ఒక పుస్తకం ఉంది, పులి, కుందేలు పక్కపక్కన కూర్చొని పుచ్చకాయ తింటుంటాయి. ఎన్నిసార్లు తీసినా ఎవరో ఒకరు ‘మరి పులి ఏం తింటది?’ అంటారు. ఒకసారి ఒక పాప ఏమీ అనకుండా లేచి వచ్చి, తన అరచేతిని కుందేలు బొమ్మ మీద పెట్టి కప్పేసింది, నేను పేజీ తిప్పేదాకా తియ్యలేదు. ఆ పాపకు నాలుగేళ్లు కూడా నిండలేదు. బొమ్మల పుస్తకం పిల్లల్ని మాయలో ముంచుతుందని అనేవాళ్లు ఆ చెయ్యి చూసి ఉండాలి. పుచ్చకాయ బొమ్మను నమ్ముతూనే, పులి పళ్లను మరిచిపోలేదు ఆ పాప. పిల్లలు రెండింటినీ ఒకేసారి పట్టుకోగలరు. పట్టుకోలేనిది పెద్దవాళ్లు చెప్పే అబద్ధాన్నే.

మీవారి మాటను కూడా కొట్టిపారేయను. ఆయన చూపించింది టొరంటో పరిశోధకులది అయి ఉంటుంది. 2017లో వాళ్లు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు పంచుకోవడం గురించిన ఒకే కథను కొందరికి మనుషుల బొమ్మలతో, కొందరికి బట్టలేసుకున్న జంతువుల బొమ్మలతో చదివి వినిపించారు. మనుషుల కథ విన్నవాళ్లు తమ స్టిక్కర్లను వేరే పిల్లల కోసం అంతకుముందు కంటే ఎక్కువ ఇచ్చారు, జంతువుల కథ విన్నవాళ్లు తక్కువ ఇచ్చారు. అంతకుముందు 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, జంతువులు మనుషుల్లా మాట్లాడే పుస్తకాలు విన్న పిల్లలు ఆ జంతువుల గురించి నిజమైన సంగతులు తక్కువ నేర్చుకున్నారని, వాటికీ మనిషి ఆలోచనలు ఉంటాయని ఎక్కువ అనుకున్నారని తేలింది. నేను వీటిని నమ్ముతాను. పంచుకోవడం నేర్పాలనుకుంటే మనుషుల కథలు పెట్టుకోవడం మంచిదే. మేక ఏం తింటుంది, ఎలా నెమరు వేస్తుంది అన్నది చెప్పాలంటే నిజం మేక ఫొటోలున్న పుస్తకం కావాలి. అయితే ఒక్కసారి చదివిన కథ తర్వాత ఎన్ని స్టిక్కర్లు ఇచ్చారన్నది ఒక లెక్క. రాత్రి చీకట్లో అమ్మ చెయ్యి మీద తల పెట్టుకొని వందసార్లు విన్న కథ పిల్లాడిలో ఏం చేస్తుందన్నది ఆ లెక్కలోకి రాలేదు. మీవాడు ఆ పుస్తకం తీసుకెళ్లి మేకకు చదివి వినిపించాడమ్మా. తన దగ్గరున్న అన్నిటికంటే మంచి వస్తువును దానితో పంచుకున్నాడు.

మీవారి గురించి ఇంకొక్క మాట, తప్పైతే మన్నించండి. ఆయన ఆ వాకిట్లోనే పెరిగారు. ఆ వేపచెట్టుకు ఆయన చిన్నతనంలో కూడా ఏవో కట్టేసే ఉంటారు. పరిశోధన గురించి మాట్లాడగలిగిన మనిషి, మేక మాట వస్తే బాల్కనీలోకి ఎందుకు వెళ్తున్నారో నాకు తెలియదు. ఏ రాత్రో పిల్లాడు పడుకున్నాక, పుస్తకాల గొడవ ఎత్తకుండా, ‘చిన్నప్పుడు మీకూ ఇట్ల ఏదన్న ఉండెనా?’ అని ఒక్కటి అడగండి. చెప్పకపోతే వదిలేయండి. చెప్తే, ఆ మాట ఆయనే కొడుకుతో చెప్పేలా చూడండి. ‘నాకు గూడ ఒకటి ఉండె’ అని నాన్న నోటి నుంచి వస్తే ఆ పిల్లాడికి కలిగే ఊరట మీరూ నేనూ ఇవ్వలేనిది.

సరే, పుస్తకాలను ఏం చేయాలి? అటక మీద పెట్టేస్తే ఇల్లు రెండు రోజులు ప్రశాంతంగా ఉంటుంది. కాకపోతే వాడు దాన్ని శిక్షగా లెక్క వేసుకుంటాడు, చుక్కను ప్రేమించినందుకు పడిన శిక్షగా. కింది అరలో వాడి చేతికి అందేలా వదిలేసి, చదవమని అడగకుండా ఉండటం ఇంకో పద్ధతి. వారాలు పట్టవచ్చు, మీకు ఓపిక కావాలి. మంచం కిందున్న దాన్ని మాత్రం తీయకండి, దుమ్ము దులపడానికి కూడా. వాడు దాన్ని పారేయలేదు, దాచాడు. ఎప్పుడు తీయాలో వాడికి తెలుసు.

ఈలోగా రాత్రి చదువు ఆపొద్దు. మనుషుల కథలు, నిజం జంతువుల పుస్తకాలు నాలుగు తెచ్చుకోండి. సికింద్రాబాద్‌లో ‘మంచి పుస్తకం’ వాళ్ల దగ్గర, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో, చెన్నై తూలిక ప్రచురణల్లో తెలుగువి దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. కొనేముందు చివరి పేజీ ముందు చూడండి. అక్కడ ‘నీతి’ అని అచ్చువేసి ఉంటే నేనైతే పక్కన పెడతాను. కథ తన పని చేశాక పిల్లాడికి కాసేపు ఊరకుండే హక్కు ఉండాలి. పెద్ద జంతువు, చిన్న జంతువు ఉన్న బొమ్మల్లో వాటి కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించండి. మంచి బొమ్మ వేసేవాళ్లు స్నేహాన్ని నవ్వులతో చూపించరు, చూపుతో చూపిస్తారు.

మీ ఇద్దరూ కలిసి చేయగలిగిన పని ఒకటుంది, వాడు ఒప్పుకుంటేనే. నాలుగు తెల్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. మడత మీద సూదితో మూడు రంధ్రాలు చేసి దారం కుట్టండి. పదహారు పేజీల పుస్తకం అవుతుంది. పెద్ద ప్రెస్సుల్లోనూ కాగితాన్ని ఇలాగే మడిచి కోస్తారు, బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీలు ఉండేది అందుకే. మీ ఫోన్‌లో చుక్క ఫొటోలు ఉంటాయి. నాలుగైదు ప్రింటు తీయించి అతికించనివ్వండి. చింతాకు తినిపించింది, తాడు లాగింది, పేజీ కొరికింది, వాడు చెప్తుంటే మీరు రాయండి, వాడి మాట దిద్దకుండా. చివరి రెండు పేజీలు ఖాళీగా ఉంచండి. అక్కడ వాడు తాడు గీయవచ్చు, ఎర్రరంగు పులిమేయవచ్చు, చుక్కను మళ్లీ అడవికి పంపవచ్చు. పంపితే ‘నీ బుక్కుల అట్ల రాసుకుందమా?’ అని అడిగి రాయండి. నిజం తెలిసి ఊహించుకోవడం వేరు, నిజం తెలియక నమ్మడం వేరు. ఆ తేడా వాడికి తెలుస్తుంది.

బోనాల సంగతి మిగిలింది. వెళ్లకపోతే పిల్లాడికి కుదురుకునే వ్యవధి దొరుకుతుంది, అత్తగారి మనసు నొచ్చుకుంటుంది, వచ్చే ఏడు ఈ మాట మళ్లీ మొదటికొస్తుంది. మామూలుగా వెళ్లి మళ్లీ మేనత్తతో పంపించేస్తే, వాడు ఈసారి మేనత్త చెయ్యి పట్టుకోవడానికే భయపడతాడు. ఆ ఒక్కటీ చేయొద్దని గట్టిగా చెప్తాను. మధ్యలో ఇంకో మార్గం ఉంది. వెళ్లండి, బోనం ఎత్తే వరకు, పసుపు, వేపకొమ్మలు, డప్పు, పాయసం వరకు వాణ్ని ఉంచండి. కోత పనులు మొదలయ్యే ముందు, మీరో మీవారో, వాడికి చెప్పే వాణ్ని తీసుకొని బయల్దేరండి: ‘ఇప్పుడు మేకను కోస్తరు. మనం ఉండం. చెరువు దిక్కు పోదాం.’ చెప్పి తీసుకెళ్లడం, మాయచేసి పంపడం ఒకటి కావు. ఈ ఏర్పాటు మీ అత్తగారికి ముందే ఫోన్‌లో చెప్పాలి, గుమ్మంలోకి వెళ్లాక కాదు. ఆవిడ మొక్కును తప్పుపట్టకండి. వందల ఏళ్ల నమ్మకాన్ని కోడలు వచ్చి దిద్దాల్సిన పని లేదు, మీరూ ఆ పొయ్యి దగ్గర నిలబడి వండినవారే. ‘పోరడు చుక్కను మర్వలేదత్తమ్మా, వానికి కొంచెం టైం గావాలె’ అంటే చాలు. అంతకూ కష్టమైతే ఈ ఒక్క శ్రావణానికి మానుకోండి. దసరాకు వెళ్లండి.

వెళ్లినా వెళ్లకపోయినా, ముందుగా నాయనమ్మతో వాడికి ఫోన్‌లో ఆవు–పులి కథ చెప్పించండి. ఆవిడ నోట, ఆవిడ యాసలో. పులి చివరికి ఆవును వదిలేస్తుంది గదా, అక్కడ వాడు ‘మరి చుక్కను ఎందుకు ఇడిసిపెట్టలే?’ అని నాయనమ్మనే అడగవచ్చు. అడగనివ్వండి. మధ్యలో మీరు ఫోన్ లాక్కోకండి. ఆవిడ ఏం చెప్తారో నాకూ వినాలని ఉంది.

ఏ రాత్రయినా ఆ పుస్తకం మంచం కింద నుంచి బయటికి వస్తే, ఎప్పటిలాగే మొదటి పేజీ నుంచి చదవండి. చుక్క కొరికిన మూల దగ్గరికి వచ్చినప్పుడు టేపు వేయాలని చూడకండి. పేజీ తిప్పడం వాడికే వదిలేయండి.